ఐదుగురు ఎమ్మెల్యేలు ఒకవైపు, ఎంపీ ఇంకోవైపు: మన ఓటు లెక్కలో న్యాయం ఎంత?

2024 మే 13న కడప జిల్లాలో మనమంతా ఒకే క్యూలో నిలబడి, ఒకే గదిలోకి వెళ్లి రెండు ఓట్లు వేశాం. ఒకటి ఎమ్మెల్యేకి, ఇంకొకటి ఎంపీకి. జూన్ 4న లెక్కపెట్టారు. కడప పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ సీట్లున్నాయి. కడప, కమలాపురం, మైదుకూరు, ప్రొద్దుటూరు తెలుగుదేశానికి పోయాయి. జమ్మలమడుగు బీజేపీకి పోయింది. వైసీపీకి మిగిలినవి పులివెందుల, బద్వేలు. అంటే ఏడింట్లో ఐదు కూటమివే. మరి ఎంపీ సీటు? అది వైసీపీకే వచ్చింది.

ఫలితాల రోజు సాయంత్రం ప్రొద్దుటూరులో మా మామూ ఇంట్లో ఇదే వాదన. "ఓటేసింది అదే జనం, అదే రోజు. ఇదేం లెక్క భయ్? ఎక్కడో మోసం జరిగింది" అని ఒకరు. "మోసం లేదు, గీసం లేదు, జనమే అట్లా వేశారు" అని ఇంకొకరు. ఇద్దరి మాటలోనూ కొంత తప్పుంది. ఆ అంకెలను నిదానంగా చూస్తే ఓటింగ్ పద్ధతి అంటే ఏంటో, అది న్యాయంగా ఉందో లేదో ఎట్లా తేల్చుకోవాలో చాలావరకు తెలుస్తుంది.

వైఎస్ అవినాష్ రెడ్డికి వచ్చినవి 6,05,143 ఓట్లు. తెలుగుదేశం అభ్యర్థి చదిపిరాళ్ల భూపేష్ సుబ్బరామిరెడ్డికి 5,42,448. కాంగ్రెస్ తరఫున నిలబడ్డ వైఎస్ షర్మిలకు 1,41,039. గెలిచినాయనకు పడ్డవి దాదాపు 46 శాతం. అంటే ఓటేసిన వందమందిలో 54 మంది ఆయనకు వేయలేదు. రెండో, మూడో స్థానాల వాళ్ల ఓట్లు కలిపితే గెలిచినాయన ఓట్ల కంటే 78 వేలకు పైగా ఎక్కువ. అయినా చట్టప్రకారం గెలుపు గెలుపే. మన దేశంలో లోక్‌సభకైనా, అసెంబ్లీకైనా అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు, సగం దాటాల్సిన పని లేదు.

షర్మిల లేకపోతే ఎవరు గెలిచేవాళ్లు? ఆ ఓట్లు వైసీపీ నుంచి చీలాయని కొందరు, కూటమికి రావాల్సినవని కొందరు ఏడాదిపాటు కొట్టుకున్నారు. నిజం చెప్పాలంటే ఎవరికీ తెలీదు. తెలీకపోవడానికి కారణం మన మిషన్ అడిగే ప్రశ్నే. "నీకు అందరికంటే ఎవరు ఇష్టం" అని మాత్రమే అడుగుతుంది. "వాళ్లు కాకపోతే ఎవరు" అని అడగదు. అడగని ప్రశ్నకు జవాబు ఎక్కడినుంచి వస్తుంది?

ఆ రెండో ప్రశ్న అడిగిన ఎన్నిక ఒకటుంది

మన ప్రాంతంలోనే, అంతకు ఏడాది ముందు జరిగింది. 2023 మార్చిలో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక. పాత కడప, అనంతపురం, కర్నూలు జిల్లాల్లో డిగ్రీ చదివినవాళ్ల ఓటు. అక్కడ మిషన్ లేదు, బ్యాలెట్ పేపరు. పేర్ల పక్కన 1, 2, 3 అని అంకెలు వేయాలి. ఒకటి వేస్తే చాలు, తర్వాతి అంకెలు మన ఇష్టం.

మొదటి ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టేసరికి వైసీపీ అభ్యర్థి వెన్నపూస రవీంద్రారెడ్డి సుమారు 1,800 ఓట్ల ముందున్నారు. మామూలు ఎన్నికైతే అక్కడితో అయిపోయింది, బాణసంచా కాల్చేవాళ్లు. కానీ సగం కంటే ఎక్కువ ఎవరికీ రాలేదు. అప్పుడు కింద ఉన్న అభ్యర్థులను ఒక్కొక్కరినే తీసేస్తూ, వాళ్లకు వేసినవాళ్లు పక్కన "2" ఎవరికి వేశారో చూసి ఆ ఓటు అటు కలిపారు. తెలుగుదేశం, పీడీఎఫ్ రెండో ఓటు ఒకరికొకరు వేసుకునేట్టు ముందే మాట్లాడుకున్నాయి. చివరికి పులివెందుల ప్రాంతానికే చెందిన తెలుగుదేశం అభ్యర్థి భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి 7,543 ఓట్ల తేడాతో గెలిచారు.

మొదట ముందున్నాయన ఓడిపోయాడు, వెనకున్నాయన గెలిచాడు. ఇది అన్యాయమా? నా మటుకు నాకు కాదు. ఎందుకంటే ఈ నియమం పోలింగ్‌కు ముందే అందరికీ తెలుసు. గెలిచినాయన ఎక్కువమందికి "ఫర్వాలేదు" అనిపించిన మనిషి అని కాగితం మీదే తేలింది. కానీ దీనికీ ఒక ఖర్చుంది. డిగ్రీ చదివినవాళ్లే అంకె బదులు టిక్కు పెట్టి, అక్షరాల్లో "ఒకటి" అని రాసి, సొంత పెన్ను వాడి వేల ఓట్లు చెల్లకుండా చేసుకున్నారు. కౌంటింగ్ కూడా గంటల్లో కాదు, రోజుల్లో సాగింది.

రాజ్యాంగ సభలోనూ ఈ వాదన జరిగింది. 1949 జనవరిలో కాజీ సయ్యద్ కరీముద్దీన్ దామాషా పద్ధతి పెట్టాలని సవరణ తెచ్చారు. ఈ ఎక్కువ ఓట్ల పద్ధతిలో చిన్న వర్గాల గొంతు వినపడదని ఆయన భయం. అంబేద్కర్ ఒప్పుకోలేదు. జనంలో చదువు లేదు, ఆ పద్ధతి కష్టం, పైగా ప్రభుత్వాలు నిలబడవు అన్నది ఆయన జవాబు. 1951 లెక్కల్లో దేశంలో అక్షరాస్యులు 18 శాతమే, కాబట్టి ఆ మాటలో బలం ఉంది. మన వక్ఫ్ బోర్డు సభ్యుల ఎన్నికను మాత్రం 1995 చట్టం ఈ ప్రాధాన్య ఓటుతోనే, దామాషా లెక్కతో జరపమంది. 2025 సవరణ ఆ ఎన్నికనే తీసేసి ప్రభుత్వ నామినేషన్ పెట్టింది. ఏ పద్ధతి మంచిదన్న వాదనే అక్కడ లేకుండా పోయింది.

ఒక మొహల్లా, మూడు నియమాలు, ముగ్గురు సదర్లు

రాజకీయం పక్కన పెట్టి చిన్న లెక్క చూద్దాం. ఒక మొహల్లాలో మస్జిద్ కమిటీ సదర్‌ను ఎన్నుకోవాలి. వంద ఇళ్లు, ఇంటికి ఒక ఓటు అనుకోండి. పోటీలో ముగ్గురు: ఒక వ్యాపారి, ఒక పెద్దాయన, ఒక టీచర్.

నలభై ఇళ్లకు వ్యాపారి ఇష్టం, ఆయన కాకపోతే టీచర్, పెద్దాయన చివర. ముప్పై ఐదు ఇళ్లకు పెద్దాయన ఇష్టం, తర్వాత టీచర్, వ్యాపారి చివర. పాతిక ఇళ్లకు టీచర్ ఇష్టం, తర్వాత పెద్దాయన, వ్యాపారి చివర.

ఎమ్మెల్యే ఎన్నిక నియమం పెడితే 40 ఓట్లతో వ్యాపారి సదర్. అరవై ఇళ్లు ఆయన్ని చివర పెట్టినా సరే. ఎమ్మెల్సీ నియమం పెడితే అందరికంటే తక్కువ వచ్చిన టీచర్ పోతాడు, ఆయన పాతిక ఓట్లు పెద్దాయనకు చేరతాయి. 60 ఓట్లతో పెద్దాయన సదర్. ఇద్దరిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి చేతులెత్తమంటే? టీచర్, వ్యాపారి నిలబడితే టీచర్‌కు 60. టీచర్, పెద్దాయన నిలబడితే టీచర్‌కు 65. ఇద్దరినీ విడివిడిగా ఓడించిన టీచర్ సదర్ కావాలి.

ఒక్క ఇంటి మనసూ మారలేదు. నియమం మారింది, సదర్ మారాడు. ఏ నియమం సరైనదని లెక్కల పండితులు రెండు వందల ఏళ్లకు పైగా కొట్టుకుంటున్నారు. 1951లో కెన్నెత్ ఆరో అనే అమెరికా ఆర్థికవేత్త ఒక సంగతి రుజువు చేశాడు. ముగ్గురు, ఆపైన పోటీలో ఉంటే, ఇష్టాల వరుసను బట్టి నడిచే ఏ పద్ధతీ మనం న్యాయం అనుకునే షరతులన్నింటినీ ఒకేసారి నిలబెట్టలేదు. ఎక్కడో ఒకచోట తడబడుతుంది. కాబట్టి "లోపం లేని పద్ధతి" కోసం వెతకడం దండగ. ఏ లోపాన్ని మనం భరించగలమో చూసుకోవాలి. నియమాన్ని ఓటుకు ముందు రాసుకున్నారా, లెక్క చూశాక రాసుకున్నారా అన్నది ఇంకా ముఖ్యం. కమిటీల్లో గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. ఎవరు గెలుస్తారో తెలిశాక "ఈసారి చేతులెత్తుదాం" అంటారు చూడండి, అక్కడ.

39 శాతానికి ఎన్ని సీట్లు?

రాష్ట్రం మొత్తం చూస్తే ఇంకో లోపం కనపడుతుంది. 2019లో తెలుగుదేశానికి 39 శాతం ఓట్లు, 175లో 23 సీట్లు. 2024లో వైసీపీకి కూడా 39 శాతం, ఇంకా చెప్పాలంటే ఓ పిసరు ఎక్కువే. సీట్లు 11. 2019లో వైసీపీ దాదాపు 50 శాతంతో 151 గెలిచింది, 2024లో కూటమి 55 శాతంతో 164 గెలిచింది. ఎవరు ఓడినా పద్ధతి వాళ్లను ఓట్ల కంటే గట్టిగానే కొడుతుంది, గెలిచినవాళ్లను ఓట్ల కంటే ఎత్తులో కూర్చోబెడుతుంది. ఓడినప్పుడు ఇది అన్యాయం అనిపిస్తుంది. గెలిచినప్పుడు ఎవరికీ గుర్తురాదు.

మన సంగతికొస్తే, 2011 లెక్కల ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు 7 శాతానికి కాస్త పైన. 175లో ఆ వంతు పన్నెండు దాకా రావాలి. 2024లో గెలిచిన ముస్లిం ఎమ్మెల్యేలు ముగ్గురు: నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె. దీనికి కుట్ర వెతకాల్సిన పని లేదు, లెక్కే అట్లా ఉంది. ఊరూరా పది, పదిహేను శాతంగా చెదిరిన ఓటు ఎక్కడా మొదటి స్థానానికి చేరదు. పార్టీలు టికెట్ ఇచ్చేటప్పుడు ఆ లెక్కే చూస్తాయి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో 2024లో మొదటి, రెండో స్థానాల్లో వచ్చిన ఆరుగురి పేర్ల చివరా ఉన్నది ఒకటే మాట, రెడ్డి. మీరూ చూసుకోండి.

అలాగని 1909లో బ్రిటిష్‌వాళ్లు తెచ్చిన ప్రత్యేక నియోజకవర్గాలు మందు అని నేననను. అందులో ముస్లిం ఓటు ముస్లింకే. అప్పుడు మిగతా అభ్యర్థులకు మన గడప తొక్కే అవసరమే ఉండదు. ఇప్పుడు చెదిరిన ఓటు గెలవలేకపోయినా గెలుపును తేల్చగలదు. 2024లో ప్రొద్దుటూరు మెజారిటీ 22,744, జమ్మలమడుగుది 17,191. అందుకే రెండు పార్టీలూ మన వీధుల్లో తిరిగాయి.

అసలు పోటీ ఉందా?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఓటు పడ్డాక లెక్కలు. మన జిల్లాలో అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

2021 మున్సిపల్ ఎన్నికల్లో పులివెందులలో 33 వార్డులుంటే 33 కూడా వైసీపీకి ఏకగ్రీవం. మార్చి 10న రాష్ట్రమంతా పోలింగ్ జరిగింది, పులివెందుల టౌన్‌లో ఒక్క ఓటూ పడలేదు. అదే ఏడాది పులివెందుల జడ్పీటీసీ కూడా ఏకగ్రీవమే. జనమంతా అటే ఉన్నారు కాబట్టి ఎవరూ పోటీకి రాలేదని అక్కడివాళ్లు అన్నారు. నామినేషన్ వేయనివ్వలేదని ఎదుటి పార్టీ అంది.

ఆ జడ్పీటీసీ ఖాళీ అయి 2025 ఆగస్టు 12న ఉప ఎన్నిక వచ్చింది. ఈసారి ప్రభుత్వం మారింది, పాత్రలూ మారాయి. ఓటర్లు పది వేల పైచిలుకు. తెలుగుదేశం అభ్యర్థి మారెడ్డి లతారెడ్డికి 6,716 ఓట్లు, వైసీపీ అభ్యర్థి తుమ్మల హేమంత్ రెడ్డికి 683. పోలింగ్ కేంద్రాలను ఊరు మార్చారని, తమ ఓటర్లను, ఏజెంట్లను లోపలికి రానివ్వలేదని వైసీపీ ఆరోపించింది. రెండు కేంద్రాల్లో రీపోలింగ్ పెడితే దాన్ని బహిష్కరించింది. దశాబ్దాల తర్వాత ఇక్కడి జనం స్వేచ్ఛగా ఓటేశారని తెలుగుదేశం అంది.

మీరు ఏ పార్టీ అయినా కావచ్చు, ఈ రెండు ఎన్నికలనూ ఒకే తూకంలో పెట్టి చూడండి. 33కి 33 వచ్చినప్పుడు రాని అనుమానం 6,716కి 683 వచ్చినప్పుడు వచ్చినా, దానికి తిరగబడి జరిగినా, మనం పద్ధతిని కాదు, పార్టీని చూస్తున్నట్టు. 2024 అసెంబ్లీ ఎన్నికలో పులివెందుల నియోజకవర్గంలో జగన్‌కు 1,16,315, బీటెక్ రవికి 54,628 వచ్చాయి. గెలుపు ఏకపక్షమే. అయినా ఓడినాయన పెట్టెలో యాభై వేలకు పైగా ఓట్లున్నాయి. అంత ఎదురు ఓటున్న చోట స్థానిక ఎన్నికలో అది మాయమైతే, అటైనా ఇటైనా, ఎందుకని అడగడం ఓటరు హక్కు.

ఏకగ్రీవం మీద ఇంకో మాట. 2021 పంచాయతీ ఎన్నికలప్పుడు ఏకగ్రీవం చేసుకున్న ఊళ్లకు జనాభాను బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించారు. గొడవలు తగ్గాలన్న ఉద్దేశం మంచిదే, ముఠాకక్షలు చూసిన సీమలో ఆ విలువ మనకు తెలుసు. కానీ పోలింగే లేకపోతే నోటా నొక్కే అవకాశం కూడా పోతుంది. ఊరంతా కూర్చుని ఒప్పుకున్నదీ, ఒక్క ఇంట్లో తేల్చి ఊరిమీద పెట్టినదీ కాగితం మీద ఒకేలా కనపడతాయి.

జమ్మలమడుగుది ఇంకో రకం కథ. 2014 జులైలో అక్కడ నగర పంచాయతీ చైర్‌పర్సన్ ఎన్నిక ఉద్రిక్తతల మధ్య వాయిదా పడింది. ఒక కౌన్సిలర్ కనపడట్లేదని తెలుగుదేశం ఆందోళన చేసింది. చైర్‌పర్సన్‌ను జనం నేరుగా ఎన్నుకోరు. కౌన్సిలర్లు, వాళ్లతో పాటు ఎమ్మెల్యే, ఎంపీ కూర్చుని చేతులెత్తి ఎన్నుకుంటారు. వేలమంది ఓటర్లను తిప్పుకోవడం కష్టం, ఇరవై మందిలో ఒకరిని తిప్పుకోవడం తేలిక. ఓటేసే చేతులు ఎంత తక్కువైతే ఒక్కో చేతి ధర అంత పెరుగుతుంది.

గుట్టు, జాబితా, రసీదు

ఓటు రహస్యం అంటాం. మీ ఓటు రహస్యమే, మీ బూత్ ఓటు కాదు. లెక్కింపు మిషన్ మిషన్‌కూ జరుగుతుంది కాబట్టి ఏ మొహల్లా ఎటు వేసిందో సాయంత్రానికల్లా పార్టీల చేతిలో ఉంటుంది. కొన్ని మిషన్ల లెక్క కలిపి చూపే టోటలైజర్ పెట్టమని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, లా కమిషన్ 2015లో సరేనంది. కేంద్రం ఒప్పుకోలేదు. "మీ వీధి మాకు వేయలేదు, మీకు నీళ్ల పైపు ఎందుకు" అన్న మాట విన్నవాళ్లకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

జాబితా సంగతి మన ఇళ్లలో అందరికీ అనుభవమే. మా ఖాలా పేరు ఆధార్‌లో మహబూబ్‌బీ, ఓటరు జాబితాలో మెహబూబీ, ఇంటి పేరు ఒకచోట షేక్, ఇంకోచోట ఎస్కే. ఉర్దూ పేరును తెలుగులో ఒకరు, ఇంగ్లీషులో ఇంకొకరు ఎక్కిస్తే వచ్చే తిప్పలు ఇవి. ఓసారి పెళ్లయి ఊరు మారిన కూతురితో పాటు ఆమె పేరు కూడా తీసేశారు. బూత్ దాకా పోయి వెనక్కి వచ్చింది. పేరు చేర్చడానికి ఫారం-6, తీసేయమనడానికి ఫారం-7, తప్పులు దిద్దడానికి, ఇల్లు మారితే ఫారం-8. 2019 ఎన్నికలకు ముందు మన రాష్ట్రంలో ఫారం-7లు లక్షల్లో పడి పోలీసు కేసులయ్యాయి. ఉన్నవాళ్ల పేర్లను వాళ్లకు తెలీకుండా తీసేయమని ఎవరో పెట్టిన దరఖాస్తులవి. స్థానిక ఎన్నికల జాబితాను కూడా అసెంబ్లీ జాబితా నుంచే తయారుచేస్తారు. ఒకచోట పోతే రెండుచోట్లా పోయినట్టే.

బూత్‌లో మీ పేరుమీద అప్పటికే ఎవరో వేసేసి ఉంటే తిరిగి రావద్దు. మీరు మీరేనని తేల్చితే ప్రిసైడింగ్ అధికారి టెండర్ ఓటు ఇవ్వాలి. అది మిషన్ మీద కాదు, కాగితం మీద వేసి కవర్లో పెడతారు. మామూలు లెక్కలో కలవదు గానీ తర్వాత కోర్టుకు వెళ్తే అదే సాక్ష్యం. పర్దాలో వచ్చే ఆడవాళ్లను గుర్తించడానికి మహిళా సిబ్బందిని, చాటును అడగొచ్చు. ముఖం చూడటం వాళ్ల డ్యూటీ, మర్యాదగా చూడమనడం మన హక్కు.

ఇక ఓడినవాళ్లు లెక్క సరిచూసుకునే దారి. అసెంబ్లీ, పార్లమెంటు పోలింగ్ ముగిశాక ప్రతి బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో ఫారం-17సీలో రాసి ఏజెంట్లకు ప్రతి ఇవ్వాలి. ప్రతి అసెంబ్లీ పరిధిలో ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు మిషన్ అంకెతో సరిపోల్చాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 ఏప్రిల్ తీర్పుతో రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్లు ఖర్చు కట్టి 5 శాతం మిషన్లను తనిఖీ చేయమనొచ్చు. ఏజెంట్ బూత్‌లో కూర్చోకపోతే ఆ 17సీ కాగితం చేతికి రాదు. రోజంతా కూర్చునే మనిషి దొరక్క చిన్న పార్టీలు, ఇండిపెండెంట్లు పోగొట్టుకునేది దీన్నే.

2021 మార్చిలో కొలువుదీరిన మున్సిపాలిటీల ఐదేళ్ల గడువు 2026 మార్చితో సరి. ఎన్నికలు ఎప్పుడొచ్చినా మా ఖాలా ఫారం-8 రసీదు మాత్రం రేషన్ కార్డు కవర్లోనే భద్రంగా ఉంది. అందులో ఇప్పుడు పేరు "మహబూబ్ బీ" అని, మధ్యలో ఖాళీ వదిలి పడింది.